జెట్టీ బయలుదేరింది

మంగళవారం పొద్దున్నే పెద్దక్క తన చెల్లెలి సంచీ సర్దుతోంది. సర్దడమంటే పెట్టడం ఒక్కటే కాదు. పెట్టినదాన్ని తీయాలి, మడత విప్పి చూసుకోవాలి, మళ్ళీ మడవాలి, ఇంకో మూలన కుక్కాలి. సంచీ నిండడానికి ఎంతసేపు పడితే అంతసేపూ చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది. పెద్దక్కకు కావలసిందీ అదే.

"దుప్పటెందుకక్కా? ఆయనింట్లో దుప్పట్లుండవా?" అంది చెల్లెలు తలుపుకు ఆనుకుని.

"ఉంటాయి. ఎవరు కప్పుకున్నవో ఏమో."

"కూరగాయలు తరిగే కత్తి కూడా పెట్టావు."

"మన కత్తికి నీ చెయ్యి అలవాటు. కొత్తదానితో వేలు తెగుతుంది. గుచ్చుకోకుండా అట్టడుగున పెట్టాన్లే. వెనక తలుపు గొళ్ళెం పెట్టావా?"

"పెట్టాను."

"ఇంకోసారి చూసి రా."

చెల్లెలు యాభై దాటిన మనిషి, ఊరి బడిలో గుమాస్తా. అవతలి ఒడ్డున కిటికీలకు అద్దాలు బిగించే ఒకాయనను పెళ్ళి చేసుకోబోతోంది. బడిలో పగిలిన అద్దం మార్చడానికి వచ్చినప్పుడు ఆయనకు మంచినీళ్ళిచ్చింది ఈమే. ఆ తర్వాత ఆ బడిలో అద్దాలు తరచుగా పగలడం మొదలైంది. పగలగొట్టిందెవరో పాపం ఇప్పటికీ తేలలేదు. పెళ్ళంటే హంగులేమీ లేవు, రేపు అక్కడి ఆఫీసులో సంతకాలు, అంతే. నువ్వూ రా అక్కా అని చెల్లెలు బతిమాలింది. ఇల్లెవరు చూస్తారని పెద్దక్క రానంది. అసలు సంగతి అది కాదు. ఆమె ఆ నీళ్ళు ఎన్నడూ దాటలేదు.

నది వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఉంది ఆ ఊరు. అక్కడ నీళ్ళ వెడల్పు ఎంతంటే, అవతలి ఒడ్డు ఎవరో పెన్సిలుతో గీసి సగం చెరిపేసిన గీతలా ఉంటుంది. పెద్దక్క చిన్నప్పటి నేస్తాలు, మేనత్త, అన్న, ఒక్కొక్కరే ఆ గీత వైపు వెళ్ళారు. కొందరు కొన్నాళ్ళు ఉత్తరాలు రాశారు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది అక్కాచెల్లెళ్ళిద్దరే. తమ్ముడు పెళ్ళాం పిల్లలతో వెనక వీధిలో ఉంటాడు. చెల్లెలు కూడా వెళ్ళిపోతే సాయంత్రం దీపం వేసి ఎవరితో మాట్లాడాలో పెద్దక్కకు తెలియదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. సంచీలో ఇంకో తువ్వాలు పెట్టింది.

అయితే ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది.

తమ్ముడికి ఒక మోటారు పడవ ఉంది. దాని తాళం స్విచ్చి బాగా అరిగిపోయింది. తాళంచెవి పెట్టి తిప్పితే గిన్నెలో గరిటెలా వదులుగా తిరుగుతుంది తప్ప ఇంజను పలకదు. తమ్ముడు తిప్పినా, మెకానిక్ తిప్పినా పలకదు. పెద్దక్క తిప్పితే పలుకుతుంది. లోపలికి నొక్కి, రవ్వంత పైకెత్తి, తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి రావాలి. ఎలా చేస్తావక్కా అని తమ్ముడడిగితే, "ఏమోరా, నా చెయ్యి చేస్తుంది" అనేది. అందుకని ప్రతిసారీ ఆమె వచ్చి, జెట్టీకి కట్టి ఉన్న పడవలోకి దిగి, ఇంజను మోగించాలి. ఆ పడవకు గేరు లేదు. ఇంజను తిరిగిందంటే కింద పంకా తిరిగినట్టే. కట్టేసిన దూడలా పడవ తాడు గుంజుతూ ఉంటే, తమ్ముడు చెయ్యందించి ఆమెను మళ్ళీ జెట్టీ మీదికి ఎక్కించేవాడు. తర్వాత తాడు విప్పేవాడు. ఎవరు ఊరు దాటి పోతున్నారన్నా గుండె దడ పుట్టే మనిషి చేతి మీదుగానే ఊళ్ళో సగం మంది ఊరు దాటారు.

ఈ రోజు ఆ చెయ్యి పలకదు. పెద్దక్క రాత్రే నిశ్చయించుకుంది. అబద్ధం ఆడనక్కర్లేదు, వెంట్రుకవాసి తక్కువ తిప్పితే చాలు. ఒక్కరోజు ఆగితే చెల్లెలి మనసు మారకపోతుందా అని ఆశ.

సంచీ మీద చెల్లెలు కూర్చుంటే పెద్దక్క జిప్పు లాగుతోంది. అప్పుడు తమ్ముడు వచ్చాడు, చేతిలో చిన్న అట్టడబ్బాతో.

"ఇక నీకీ బాధ తప్పిందక్కా. కొత్త స్విచ్చి తెచ్చాను. అలా విప్పి ఇలా బిగించేస్తా. మీరు టీ తాగి వచ్చేసరికి సిద్ధం."

పెద్దక్క చేతిలో జిప్పు ఆగిపోయింది. "ఈ రోజే ఎందుకురా?"

"చిన్నక్కని నీ చేత్తో నువ్వే పంపించడం... చూస్తూ ఊరుకోలేనక్కా. అందుకే."

తమ్ముడిది వెన్నలాంటి మనసు. ఆ క్షణాన పెద్దక్కకు వాణ్ణి నీళ్ళలో ముంచాలనిపించింది.

జెట్టీ అంటే ఇనప పీపాల మీద పలకలు పరిచి కట్టినది. నీటి మీద తేలుతూ, ఒడ్డున పాతిన రెండు స్తంభాలకు గొలుసులతో బిగించి ఉంటుంది. పెద్దక్క వెళ్ళేసరికి దాని మీద ఇద్దరున్నారు. ఒకరు పక్కింటి లెక్కల మాస్టారు, చెల్లెలితో కలిసి ఆ బడిలోనే పనిచేసి రిటైరైన మనిషి, ఎక్కడ ఎవరు ఏం విప్పినా చూడ్డానికి వస్తారు. రెండోవాడు టైలరు. చెల్లెలు రేపు పెళ్ళికి తొడుక్కోబోయే కోటుకు చివరి బొత్తాం కుట్టి, కోటును పసిపిల్లలా రెండు చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు. పెద్దక్క సంచీని ఈడ్చుకొచ్చి జెట్టీ మధ్యలో దింపి, దాని మీదే కూర్చుంది.

తమ్ముడు పడవలో బల్ల కింద తల దూర్చి, పాత స్విచ్చిని ఒక్క గుంజు గుంజి బయటికి తీశాడు. దాని లోపలి ఇత్తడి రేకు అరిగి అరిగి గోటి చివరలా పలచబడింది. ఎండలో పెడితే వెలుతురు అవతలికి వస్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళూ ఇంతమంది వెళ్ళింది ఈ కాస్త రేకు మీదేనా అని పెద్దక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు బల్ల కింద నుంచి. గొంతు మారింది. "తీగలకి కూడా రంగేశావా?"

"ఉప్పుగాలి తినెయ్యదూ మరి?"

ఏటా ఎండలు ముదరగానే పడవకు రంగు వేయడం పెద్దక్క పని. ఎవరూ చెప్పలేదు, ఆమే పెట్టుకుంది. వెళ్ళేవాళ్ళను ఎలాగూ ఆపలేదు, కనీసం వాళ్ళ కింద పడవైనా గట్టిగా ఉండాలని ఆమె తాపత్రయం. చెక్కకు వేసింది. చుక్కానికి వేసింది. పెట్రోలు కుళాయికి, జెట్టీ గొలుసులకు, వాటి బోల్టులకు, కళ్ళకు కనిపించిన ప్రతి మేకుకూ వేసింది, పొర మీద పొర. అంతా ఒకటే నీలం. ఆ పడవలో ఆమె కుంచె తగలనివి ఇంజను లోపలి భాగాలూ తమ్ముడూ మాత్రమే.

కొత్త స్విచ్చి డబ్బా మీద బొమ్మ వేసి ఉంది. ఎర్ర తీగ ఒకచోట, నల్ల తీగ ఇంకోచోట, పసుపుది మరోచోట బిగించాలని. తమ్ముడి చేతిలో ఐదు తీగలున్నాయి. ఐదూ ఆకాశంలా నీలం.

"పీకేముందు ఏది ఎక్కడుందో చూసుకున్నావా?" అడిగారు మాస్టారు.

"రంగులుంటాయి కదా అనుకున్నాను మాస్టారూ."

"ఐదు తీగలు, ఐదు చోట్లు." మాస్టారి కళ్ళు మెరిశాయి. "నూట ఇరవై రకాలుగా బిగించొచ్చు. అందులో ఒకటి సరైంది."

"మిగతావి బిగిస్తే ఏమవుతుంది?" అన్నాడు టైలరు.

"అదే చూడాలి," అన్నారు మాస్టారు భక్తిగా.

మొదటి రకం బిగించగానే హారను మోగింది. తాళం తిప్పకముందే మోగింది. తాళం తీసినా ఆగలేదు. నీళ్ళ మీద పక్షులన్నీ ఒక్కసారి లేచి, ఆకాశానికి దుప్పటి పరిచినట్టు తిరిగాయి. ఆ ఊళ్ళో హారను పొడుగ్గా మోగిందంటే పడవ బయలుదేరుతోందని అర్థం. వెనక తలుపు చూడ్డానికి ఇంటికి పోయిన చెల్లెలు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరిగెత్తుకొచ్చింది. తమ్ముడు తీగ పీకేశాక కానీ ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

"నన్ను వదిలేసి పోతున్నారా?" అంది చెల్లెలు రొప్పుతూ.

"ఎవరూ పోవట్లేదే. అది ఇవాళ కదిలేలా లేదు," అంది పెద్దక్క. అనకూడనంత హాయిగా అంది.

చెల్లెలు అక్క మొహం చూసింది. తమ్ముడి చేతిలో తీగలు చూసింది. "అక్కా, ఈ రంగు నువ్వేగా వేసింది? కావాలనే వేశావా?"

"నీ బుర్రకేమైందే? పోయిన ఎండాకాలం వేశాను. అప్పటికి ఆయనెవరో మనకి తెలియనే తెలియదు."

"నాకు తెలుసు," అంది చెల్లెలు.

మాస్టారు గబుక్కున చెల్లెలి వైపు తిరిగారు.

"అంటే... ఆ అద్దాలు..." అన్నారు లెక్కల మాస్టారు, ఎన్నాళ్ళనుంచో తెగని లెక్క తెగినట్టు.

పెద్దక్కకు కోపం రావాలి, రాలేదు. రంగు వేసింది కావాలని కాదు, నిజమే. కానీ రాత్రి మంచం మీద పడుకుని తాళం వెంట్రుకవాసి తక్కువ తిప్పుదామనుకున్న మనిషి కూడా తనే. తప్పు చెయ్యలేదని గట్టిగా అందామంటే నోరు పెగల్లేదు. ఆ తడబాటు చూసి చెల్లెలు అనుమానం ఖాయం చేసుకుంది, తమ్ముడు కూడా బల్ల కింద నుంచి తల బయటపెట్టి జాలిగా చూశాడు.

"నేను వెళ్ళడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలక్కా. పడవనంతా పాడుచెయ్యాలా?"

"ఒంటి చెప్పుతో వాదించకు. పోయి రెండోది వేసుకో," అంది పెద్దక్క తల దించుకుని. "అలాగే ఆ గొళ్ళెం చూసి రా."

చెల్లెలు విసవిసా వెళ్ళింది.

రెండో రకానికి హారను మోగలేదు. పడవ అడుగున చేరే నీటిని తోడి పోసే పంపు నడిచింది. దాని గొట్టం సరిగ్గా టైలరు వైపు తిరిగి ఉంది. అతను కోటును రెండు చేతులతో నెత్తికి పైన ఎత్తి పట్టుకున్నాడు. నిలువునా తడిశాడు గాని కోటుకు చుక్క తగలనివ్వలేదు. అలాగే చేతులెత్తుకుని, నీళ్ళ దారి తప్పించుకోవడానికి పడవలోకి దూకాడు. తమ్ముడు ఆ తీగా పీకాడు.

"మంచి పురోగతి," అన్నారు మాస్టారు జెట్టీ మీద నుంచి.

మూడో రకానికి తమ్ముడు తాళం తిప్పాడు. ఇంజను మోగింది.

మోగడమంటే మామూలుగా కాదు. దగ్గు లేదు, నత్తి లేదు. పట్టుగుడ్డ చింపినట్టు ఒకే ధారగా మోగింది. పెద్దక్క సంచీ మీద నుంచి లేవలేకపోయింది. తన చెయ్యి పడకుండా అది పలకడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఎంత బాగా పలుకుతోందో అనుకుంది. ఇక తనతో దానికి పనిలేదనీ అనుకుంది.

"చూశావా అక్కా," అన్నాడు తమ్ముడు. "ఉండు, ఆపి మళ్ళీ చూపిస్తా." తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగలేదు. తాళంచెవి బయటికి లాగేశాడు. ఇంజను ఆగలేదు. అరచేతిలో తాళంచెవి పెట్టుకుని దాన్నొకసారి, ఇంజనునొకసారి చూశాడు. మాస్టారూ టైలరూ కూడా అలాగే చూశారు. తాళం లేకుండా, ఎవరి మాటా అక్కర్లేకుండా, తనంతట తాను నడుస్తున్న ఆ ఇంజను ముందు ముగ్గురు మగవాళ్ళూ బడిపిల్లల్లా నిలబడిపోయారు. ఇంజనుకు ఆగమని చెప్పే తీగ ఒకటి వేరే ఉంటుంది. అది స్విచ్చికి తగలకపోతే, తాళం తీసేశారన్న సంగతి ఇంజనుకు తెలిసే దారే లేదు.

"పెట్రోలు కట్టేయ్," అన్నారు మాస్టారు ముందుగా తేరుకుని.

తమ్ముడు కుళాయి పట్టుకున్నాడు. నీలం రంగు పొరల కింద కుళాయి రాయిలా బిగుసుకుని ఉంది. పట్టకారుతో పట్టి తిప్పితే రంగు పెచ్చులు ఊడాయి, వాటి కింద ఇంకో ఏడాది రంగు కనిపించింది.

"ఎన్నిసార్లు వేశావక్కా?"

"ఏటా రా."

"ప్లగ్గు మీద టోపీలా ఉంటుంది చూడు, అది లాగేస్తే చచ్చినట్టు ఆగుతుంది," అన్నారు మాస్టారు. ఆ మాట తమ్ముడితో అన్నారు. దగ్గరున్న టైలరు సాయానికి పోయి, కోటు భుజాన వేసుకుని, తడి చేత్తో ఆ టోపీ పట్టుకున్నాడు.

టైలరు అరవలేదు. చాలా ఆశ్చర్యపోయినట్టు "ఓహో" అని, వెనక్కి ఎగిరి, ఆసరా కోసం వేగం పెంచే పిడిని పట్టుకుని దాని మీదే పడ్డాడు. పిడి చివరిదాకా పోయి, పుటుక్కున విరిగి అతని చేతిలోకి వచ్చింది.

పడవ ముక్కు పైకి లేచింది. తాడు తీగలా బిగిసింది. జెట్టీ ఒక్క కుదుపు కుదిపి, గొలుసులు లాగిపెట్టి నిలబడింది. ఆ గొలుసులను పట్టి ఉంచిన బోల్టులు ఊళ్ళో అన్నిటికంటే నిగనిగలాడుతూ ఉండేవి. పైన రంగు ఉంది కాబట్టి లోపల ఇనుము ఉందనే అందరూ నమ్మారు. ఉప్పుగాలి ఎప్పుడు తిన్నదో తిని వెళ్ళిపోయింది. బోల్టులు గుడ్డు పెంకుల్లా చిట్లాయి. జెట్టీ బయలుదేరింది.

చెల్లెలు అప్పుడే వచ్చింది, రెండు కాళ్ళకూ చెప్పులేసుకుని. ఒడ్డు చివర ఆగిపోయింది. ఆమెకూ జెట్టీకీ మధ్య ముందు ఒక అంగ దూరం, తర్వాత ఒక గది దూరం, ఆ తర్వాత వీధంత నీరు.

"అక్కా, ఎక్కడికి?"

"నాకేం తెలుసే."

"దిగు."

"ఎక్కడికి దిగను? నీళ్ళే ఉన్నాయి." పెద్దక్క సంచీని రెండు చేతులా పట్టుకుంది. అంత భయంలోనూ అలవాటుపడ్డ నోరు ఊరుకోలేదు. "గొళ్ళెం పెట్టావా?"

"పెట్టాను. అక్కా, గట్టిగా పట్టుకుని కూర్చో. చేరగానే కబురు చెయ్యి."

చేరగానే కబురు చెయ్యి. ఎందరికి చెప్పింది పెద్దక్క ఆ మాట, ఆ ఒడ్డు మీద అదే చోట నిలబడి. ఆమెతో ఆ మాట అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. "అలాగేలే," అంది. వెళ్ళేవాళ్ళందరూ అలాగే అంటారు.

"వెనక్కి తిప్పరా," అని తమ్ముడి మీద కేకేసింది.

"తిప్పితే మీరున్న జెట్టీ బోర్లాపడుతుందక్కా. నేరుగా పోవడమే."

"తాడు కోసెయ్యవయ్యా," అన్నారు మాస్టారు. పలకల మీద బోర్లా పడుకుని రెండు చేతులతో అంచు పట్టుకున్నారు.

"కత్తి నా కిందే ఉంది, సంచీ అడుగున," అంది పెద్దక్క.

"కోస్తే నేను అవతలికి పోతాను, మీరిద్దరూ సముద్రంలోకి పోతారు," అన్నాడు తమ్ముడు.

మాస్టారు ఆలోచించారు. "అయితే అడుగునే ఉండనీ."

పెద్దక్క కళ్ళు మూసుకుంది. కింద పీపాలు బుడుంగు బుడుంగుమంటున్నాయి. పలకల సందుల్లోంచి నీళ్ళు ఎగిరి కాళ్ళ మీద పడుతున్నాయి. ఇదే ఆఖరు అనుకుంది. ఎంతసేపటికీ ఆఖరు కాకపోయేసరికి ఒక కన్ను తెరిచింది.

ఎదురుగా ఊరు ఉంది.

పుట్టి పెరిగిన ఊరే. కానీ ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు. లోపల ఉంటే గోడలు కనపడతాయి, వీధి మలుపులు కనపడతాయి, పక్కింటివాళ్ళ తలుపు కనపడుతుంది. ఊరు కనపడదు. ఇప్పుడు మొత్తం ఒక్కచోట, పళ్ళెంలో పెట్టి చూపించినట్టు కనపడుతోంది. వాన కారుతుందని ఏళ్ళ తరబడి ఆమె కంగారుపడే తమ ఇంటి కప్పు బొత్తామంత ఉంది. దండెం మీద నిన్న ఆరేసిన తెల్ల దుప్పటి గవ్వలా మెరుస్తోంది. ఊరి వెనక కొండ ఉందని ఆమెకు తెలుసు. దాని వెనక ఇంకో కొండ ఉందని, దాని వెనక ఇంకా పెద్దది, పొగలాంటిది, పైన మబ్బు మోస్తూ నిలబడి ఉందని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళకు మొదటి కొండే అడ్డం. నీళ్ళు ముందు ఆకుపచ్చగా ఉండి, తర్వాత నీలమై, ఎక్కడో పేరు తెలియని రంగుగా మారాయి. ఇన్ని డబ్బాల రంగు కొన్న మనిషికి ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకలేదు.

ఒడ్డున చిన్న చుక్క ఒకటి చెయ్యి ఊపుతోంది. పెద్దక్క కూడా ఊపింది.

వెళ్ళినవాళ్ళంతా ఇది చూస్తూ వెళ్ళారన్నమాట అనుకుంది. వాళ్ళు పోతూ పోతూనే తనను మరిచిపోయారని ఇన్నాళ్ళూ అనుకుంది. పడవలో వెనక్కి తిరిగి, మాట రాక, ఇలాగే నోరు తెరుచుకుని కూర్చున్నారేమో.

"మాస్టారూ, లేచి చూడండి. ఎంత బావుందో."

"నాకు చూడబుద్ధి కావడం లేదు," అన్నారు మాస్టారు పలకలతోనే.

ఆమె కింద ఏదో మోగింది. పెద్దక్క ఉలిక్కిపడింది. చెల్లెలి ఫోను సంచీ పక్క జేబులో ఉంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"హారను విన్నాను. బయలుదేరారా?" అంది అద్దాలాయన గొంతు, పొంగిపోతూ.

"బయలుదేరామండీ."

"ఓ, వదినగారా? మీరూ వస్తున్నారా? నీళ్ళంటే మీకు పడదని చెప్పిందే. చాలా సంతోషం. తనేం చేస్తోంది?"

"ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతోంది."

అవతల కాస్త ఆగి, "ఏ ఒడ్డునండీ?" అన్నాడాయన.

"మా ఒడ్డునే. తొందరలో ఇంటి దగ్గర మరిచిపోయాం."

"మరి మీరు..."

"నేనూ సంచీ వస్తున్నాం. మాస్టారు కూడా ఉన్నారు. జెట్టీ మీద వస్తున్నాం."

"జెట్టీ మీద," అన్నాడాయన. చాలా మర్యాదస్తుడు, ఇంకేమీ అడగలేదు. "జాగ్రత్తగా రండి. నేను రేవులో ఉంటాను."

అవతలి రేవు జనమంతా ఒక జెట్టీ తనకు తాను సముద్రం మీద నడిచి రావడం చూశారు. దాని ముందు పడవ ఉందని తర్వాత గమనించారు. పడవలో ఒకతను తడి బట్టలతో నిలబడి, కొత్త కోటును జెండాలా పైకెత్తి పట్టుకున్నాడు. వెనక పలకల మీద ఒక పెద్దాయన బోర్లా పడుకుని ఉన్నారు. మధ్యలో ఒక పెద్దావిడ సంచీ మీద, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని, వాళ్ళ వైపు కాకుండా వెనక్కి తిరిగి చూస్తోంది. వలలు బాగుచేసుకునేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. కొందరు టోపీలు తీశారు.

ఆపే దారి లేక తమ్ముడు పడవను నేరుగా బురదలోకి ఎక్కించాడు. ఇంజను బురదను కూడా చాలాసేపు దున్ని, పెట్రోలంతా తాగేసి, అప్పుడు ఆగింది. అంత నిశ్శబ్దం పెద్దక్క ఎప్పుడూ వినలేదు. అద్దాలాయన ఉతికిన చొక్కాతో, బూట్లతోనే మోకాళ్ళదాకా బురదలోకి వచ్చి చెయ్యందించాడు.

"చెల్లెలు చెప్పిన దానికంటే పొడుగ్గానే ఉన్నారు," అంది పెద్దక్క, దిగుతూ.

ఆయన ఇల్లు గట్టు మీద ఉంది. అద్దాల మనిషి ఇల్లు కదా, నీళ్ళవైపు గోడ బదులు కిటికీలే ఉన్నాయి. పెద్దక్కకు కుర్చీ వేశారు. ఆమె కిటికీ ఎదురుగా కూర్చుంది. అవతల, పెన్సిలు గీతలా, తమ ఊరు. ఎండ వాలేకొద్దీ గీత బంగారం రంగుకు తిరిగింది. తర్వాత దాని మీద ఒక్కొక్కటే దీపాలు వెలిగాయి. అందులో ఒకటి తమ ఇంటిదని, చెల్లెలు వేసి ఉంటుందని అనుకుంది. టీ చల్లారిపోయింది.

మర్నాడు చెల్లెలు సిమెంటు బస్తాల లాంచీలో వచ్చింది, తల నుంచి పాదాల దాకా బూడిద రంగులో. వచ్చీ రాగానే అక్కను కావలించుకుని, "కావాలని అన్నానక్కా ఆ మాట? కోపంలో అన్నాను," అని ఏడ్చింది. సిమెంటంతా ఇద్దరికీ అంటింది.

"నువ్వన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదులే," అంది పెద్దక్క. "ముందు మొహం కడుక్కో. ఇలా వచ్చి ఈ కిటికీలోంచి చూడు."

ఆఫీసులో సంతకాలయ్యాయి. సాక్షి సంతకం పెద్దక్కే పెట్టింది. తమ్ముడు తీగలను ఒక్కొక్కటిగా గీకి, అసలు రంగులు బయటికి తీసి, స్విచ్చిని సరిగ్గా బిగించుకున్నాడు. ఒక్క వేలితో తిప్పితే మోగింది, తిప్పితే ఆగింది.

"పదక్కా, ఇంటికి పోదాం," అన్నాడు.

పెద్దక్క కుర్చీలోంచి లేవలేదు. "ఈ పూట మబ్బు బాగా పట్టిందిరా. పెద్ద కొండ మీద ఎలా నిలబడిందో చూడు. రేపొస్తాలే."

జెట్టీ ఆ వారంలోనే తిరిగి వచ్చింది, కొత్త బోల్టులతో. మాస్టారు చుట్టూ తిరిగి బస్సులో వచ్చారు. టైలరూ వచ్చాడు. చెల్లెలు ఆదివారం ఆదివారం తమ్ముడి పడవలో వచ్చి, ఇల్లు తుడిచి, సాయంత్రం దీపం వేసి, కిటికీలోంచి చూస్తున్నవాళ్ళకు కనపడాలని దాన్ని గుమ్మంలో పెట్టి పోతుంది. పెద్దక్క రేపొస్తాననే అంటుంది, ఎప్పుడడిగినా.

తిరిగి రానిది ఆమె ఒక్కతే. ఆ మంగళవారం పొద్దున్న వెళ్ళింది.